తలుపు బయట మా అబ్బాయి

మా అబ్బాయి కత్తి పట్టుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం నేను బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. చిన్న చాకే. అయినా తెగుతుందేమోనని బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకున్నాను. వాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, చంకలో తన కాలంత పొడుగున్న కత్తితో నిలబడి, "అమ్మా, నాకు పదవొచ్చింది" అన్నాడు.

నా చేతిలో దుంప జారి మంచం కిందికి దొర్లిపోయింది.

"ఎవర్ని పొడవాలట?" అన్నాను.

"ఎవర్నీ పొడవక్కర్లేదమ్మా. తలుపు బయట నిలబడాలి, అంతే."

"పొడిచే పని లేకపోతే కత్తెందుకిచ్చారు? గొడుగిస్తే సరిపోయేదిగా."

"గొడుగైతే ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోతారు అత్తయ్యా. ఈయన ఇచ్చేస్తారు" అంది కోడలు లోపలి నుంచి.

అందులో అబద్ధం లేదు. మా ఇంట్లో గొడుగు నిలవదు.

ఆ పదవి సంగతి చెప్పాలి. మా వీధి చివర సోఫాలు కుట్టే దుకాణం ఉంది. దాని మీద అంతస్తులో ఒక పెద్ద హాలు. నెలకోసారి అక్కడ కొందరు మగవాళ్లు చేరి, మెడలో నీలం పట్టీలు వేసుకుని, ఒకరినొకరు సోదరా అని పిలుచుకుంటూ, తలుపు మూసుకుని ఏదో చేస్తారు. ఏం చేస్తారో బయటివాళ్లకు చెప్పకూడదు. వాళ్లు దాన్ని లాడ్జి అంటారు. మా వాడు మొదటిసారి "నేను లాడ్జిలో చేరాను" అన్నప్పుడు నేను మంచం పట్టినంత పనైంది. అప్పట్నుంచి ఇంట్లో అందరం మండలి అనే అంటున్నాం. ఆపదలో ఉన్నవాళ్లకు సాయం చేస్తారట, ఆస్పత్రికి మంచాలు కొనిస్తారట. అంతా మంచిదే. మంచి పనికి తలుపులు మూయడం ఎందుకన్నదే నా భయం.

దానికి అధ్యక్షుడు మా పళ్ల డాక్టరు. ఆయన చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి సభ మొదలుపెడతాడు. పళ్ల డాక్టరు చేతిలో సుత్తి అనగానే నా దవడ దానంతటదే బిగుసుకుపోయింది. ఇక సభ జరిగినంతసేపూ తలుపు బయట ఒక కాపలాదారు నిలబడాలి. అదే మా వాడి పదవి. వాడు కుర్చీలో కూర్చుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు. సభకు ముందు కుర్చీలు సర్దాలి, దీపాలు చూడాలి, వచ్చినవాళ్లకు పట్టీ సరిగ్గా ఉందో లేదో చూడాలి. సుత్తి పడ్డాక తలుపు మూతపడుతుంది. సభ మొదలుపెట్టే తంతు పూర్తయ్యేదాకా చీమ కూడా లోపలికి పోకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా పక్కనున్న బెంచీ మీద కూర్చోవాలి. తంతు అయ్యాక వాడు తలుపు తట్టి, ఫలానావారు వచ్చారని చెబితే, లోపలివాళ్లు సరేనంటే, అప్పుడు వెళ్లాలి.

"మరి లోపల జరిగేది నువ్వెప్పుడు చూస్తావు?"

"నేను చూడనమ్మా. నేను బయటే ఉంటాను."

"ఆ వరండాలో కిటికీ ఉందా? గాలి కొడుతుందా? చెవులకు మఫ్లరు కట్టుకోవచ్చా?"

"కాపలాదారు మఫ్లరు కట్టుకుంటే ఎలా అమ్మా" అన్నాడు వాడు నీరసంగా.

మా వాడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. చేతివాటం మంచిది, మనసు వెన్న. ఉన్న లోపమల్లా ఒక్కటే, ఎవరికీ కాదని చెప్పలేడు. వాడి సైకిలు ఎవరి దగ్గరుందో వాడికే తెలియదు. దుకాణంలో పక్కవాడి సెలవులన్నీ వీడే పని చేస్తాడు. పక్కింటివాళ్లు ఊరెళ్తూ రెండు వారాలు చూడమని వదిలిన తాబేలు, వాళ్లు తిరిగొచ్చి ఏడాది దాటినా మా స్నానాలగది తొట్టెలోనే ఉంది. "ఇంకో వారం ఉంచుతారా?" అని వాళ్లు అడుగుతారు, "దానికేముందండీ" అని వీడంటాడు. మేం బకెట్టులో నీళ్లు పట్టుకుని నిలబడి స్నానాలు చేస్తాం.

కోడలు దీనికి పూర్తిగా ఎదురు. తను కారు నేర్పే బడిలో పని చేస్తుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని, కొత్తవాళ్లు గోడల మీదికి పోనిస్తుంటే తన కాలి కింది బ్రేకు తొక్కడమే ఉద్యోగం. "వద్దు" అనే మాటతోనే ఆ పిల్ల జీతం తెచ్చుకుంటుంది.

అలాంటి మా వాడికి కాపలా పదవి ఇప్పించిందెవరో తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. నా సొంత తమ్ముడు. వాడికి టైర్ల దుకాణం ఉంది. వాడు పుట్టడమే డాక్టరు చెప్పిన తేదీ దాటిపోయాక పుట్టాడు, ఆ తర్వాత జన్మలో ఒక్కచోటికి వేళకు వచ్చింది లేదు. వాడి పెళ్లికి వాడే ఆలస్యం.

"అక్కా, అల్లుడి పేరు నేనే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు" అన్నాడు ఫోనులో.

"పాత కాపలా ఆయనకేమైంది?"

"మోకాళ్లు పోయాయి. మహా మొండి మనిషక్కా. ఆ బెంచీ మీద నన్ను ఎన్నిసార్లు కూర్చోబెట్టాడో! మన పిల్లాడైతే మనకు బాగుంటుంది."

మనకు బాగుంటుంది అన్న మాట దగ్గరే నాకు కీడు తోచింది.

మొదటి సభకు నేనూ వెళ్లాను. సభ అయ్యాక అందరికీ టీ ఇవ్వడానికి వరండా చివర చిన్న వంటగది ఉంది. ఇంటి ఆడవాళ్లు అక్కడ సాయం చేయొచ్చు. నేను సాయం చేస్తానన్నాను. సంచీలో దూది, కట్టుగుడ్డ, మందుసీసా పెట్టుకున్నాను. వంటగది తలుపు కాస్త తీసి ఉంచితే వరండా అంతా కనబడుతుంది. హాలు తలుపు బరువైనది, పాతకాలపుది. దాని ముందు మా వాడు మెడలో నీలం పట్టీతో, నడుముకు ఒరలో కత్తితో, ఫోటో తీయించుకునేవాడిలా బిగుసుకుని నిలబడ్డాడు. ఒక్క నిమిషం నాకు కూడా ముచ్చటేసింది. అంతలోనే కత్తి చివర మెట్ల మీద తట్టుకుంటే ఏమవుతుందోనన్న ఆలోచన వచ్చి ముచ్చట చచ్చిపోయింది.

సుత్తి పడింది. తలుపు మూతపడింది. నిమిషమైనా కాకముందే నా తమ్ముడు మెట్లెక్కుతూ వచ్చాడు.

"అల్లుడూ! తియ్యి తియ్యి."

"మావయ్యా, తంతు మొదలైంది..."

"తెలుసురా. పక్కగా దూరిపోతాను, ఎవడు చూస్తాడు?"

"నియమం ప్రకారం మీరు బెంచీ మీద..."

"నిన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పిన మేనమామనిరా! బెంచీ మీద కూర్చోమంటావా?"

మా వాడు చెయ్యి వెనక్కి పెట్టి, పాల గిన్నె మూత తీసినట్టు తలుపు నెమ్మదిగా తీశాడు. తమ్ముడు దూరాడు. వాడి వెనకే మంగలి దుకాణం ఆయన, ఆయన వెనకే ఇంకొకాయన. కన్నం చూసిన ఎలకల్లా ఒకరి తర్వాత ఒకరు.

సభ అయ్యాక పాత కాపలాదారు వంటగదిలోకి వచ్చాడు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, అందరూ తాతగారు అంటారు. టీ కప్పు అందుకుని, "అమ్మా, మీ అబ్బాయి మంచివాడే. కానీ అక్కడుండాల్సింది తలుపు. మీవాడు కర్టెన్" అన్నాడు.

పళ్ల డాక్టరు మంచివాడన్న మాట కూడా అనలేదు. మా వాణ్ణి పక్కకు పిలిచి, వచ్చే నెల కొత్తగా పదవులొచ్చినవాళ్లందరికీ పదవీ స్వీకారం ఉందని, అన్ని ఊళ్ల మండళ్ల మీదా ఉండే పెద్దాయన ఆ రోజు వస్తున్నాడని, ఆ రోజు కూడా తలుపు ఇలాగే కారితే అందరి ముందూ పట్టీ విప్పి, కత్తి వెనక్కి తీసుకోవడం తప్ప తనకు వేరే దారి లేదని చెప్పాడు. పళ్లు పీకేటప్పుడు కూడా ఆయన గొంతు అంతే మెత్తగా ఉంటుంది.

ఇంటికొచ్చాక నేను ధైర్యం చెప్పబోయాను. "పోతే పోనీరా. పీడా పోతుంది. ఆ కత్తి ఇంట్లోంచి వెళ్లిపోతే నేను కంటినిండా నిద్రపోతాను."

"లేదమ్మా. నాకిది కావాలి" అన్నాడు.

వాడు పుట్టాక ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను వినలేదు. బొమ్మ అడగలేదు, రెండో ముద్ద అడగలేదు. పెళ్లి కూడా కోడలే అడిగింది.

"అందరూ అడుగుతారు, నేను సరే అంటాను. వద్దనాలని ఉంటుంది, నోరు రాదు. అక్కడ నిలబడితే వద్దనడమే నా పని. అక్కడ కూడా చేతకాకపోతే ఇంకెక్కడా చేతకాదు నాకు" అన్నాడు.

కోడలు టీవీ కట్టేసింది. "సరే అయితే. రేపట్నుంచి నేర్పిస్తాను" అంది.

ఆ నెలంతా మా ఇల్లు ఇల్లులా లేదు. స్నానాలగది తలుపే మండలి తలుపు. మా వాడు దాని ముందు నిలబడేవాడు. కోడలు నా తమ్ముడిలా పొట్ట ముందుకు పెట్టి, ఆయాసపడుతూ వచ్చేది.

"అల్లుడూ, తలుపు తియ్యి."

"మావయ్యా, దయచేసి..."

"దయచేసి వద్దు! దయచేసి అన్నారంటే వాడు సగం లోపలికొచ్చినట్టే. మళ్లీ."

"క్షమించాలి మావయ్యా, నాకు ఇష్టమే కానీ..."

"ఇష్టం సంగతి ఎవడడిగాడు? బ్రేకు తొక్కేటప్పుడు బతిమాలతారా? కాలు పెట్టడమే. మళ్లీ!"

ఒకరోజు తొట్టెలోంచి తాబేలును తీసి నేల మీద పెట్టింది. అది మెల్లగా తలుపు వైపు నడుస్తుంటే, మా వాడు దాని ముందు కాలు అడ్డంపెట్టి, "కుదరదు. బెంచీ మీద కూర్చో" అన్నాడు. తాబేలు తల లోపలికి లాక్కుంది. మా వాడి మొహం వెలిగిపోయింది. నేనేమో, పాపం అది బెదిరిందేమో, మళ్లీ తల బయటికి పెట్టదేమోనని చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. పదవీ స్వీకారానికి ముందు కత్తిని కాపలాదారే ఇంట్లో తుడిచి మెరిపించాలట. మా వాడు కత్తి ఒరలోంచి లాగి, నూనె రాసి, తుడిచి, వెలుతురులో ఎలా ఉందో చూద్దామని పైకెత్తి ఒక్కసారి తిప్పాడు. గదిలో కర్టెన్ సగం కిందపడింది. కోడలు నవ్వింది. "తాతగారు చెప్పిన కర్టెన్ ఇదే కాబోలు" అంది. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. కర్టెన్ ఉన్నచోట మనిషి ఉంటే? ఆ రోజు హాలు నిండా జనం. నా తమ్ముడు తోసుకొస్తాడు, వీడు అడ్డం పడతాడు, నూనె రాసిన కత్తి, జారే నేల. నా కళ్ల ముందు రక్తం, పోలీసులు, జైలు, కిటికీ ఊచల్లోంచి వాడికి నేను అందిస్తున్న టిఫిను డబ్బా, అన్నీ వరసగా కనిపించాయి.

వాడు కత్తి తుడిచి ఒరలో పెట్టేశాడు. మొదటి సభలో కత్తి ఒరలోనే ఉండటం నేను కళ్లారా చూశాను. ఇక దాన్ని బయటికి తీసే పనేముంది అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్లాను.

"గట్టి జిగురు కావాలి నాయనా."

"ఏం అతికించాలి?"

"ఇనుము, తోలు."

"మళ్లీ ఊడాలా, వద్దా?"

"జన్మలో ఊడకూడదు."

అతను చిన్న సీసా ఇచ్చాడు. "జాగ్రత్తమ్మా, ఇది అంటుకుంటే మొండిది. పొరపాటున ఊడదీయాలంటే మరిగే నీళ్లలో నానబెట్టాలి, అదొక్కటే దారి" అన్నాడు. నేను ఇంటికొచ్చి ఆ సీసా మొత్తం ఒర మూతిలో వంపేసి, కత్తిని పిడిదాకా దిగ్గొట్టి, ఆరేదాకా విసనకర్రతో విసిరాను. నెల రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది.

పదవీ స్వీకారం రోజు నేనూ కోడలూ వంటగదిలో కప్పులు కడుగుతున్నాం. వరండాలో మా వాడు, పక్కన తాతగారు. సోదరులంతా లోపలికి వెళ్లిపోయారు. నా తమ్ముడు మాత్రం లేడు. స్టేషనుకు వెళ్లి పెద్దాయనను కారులో తీసుకొచ్చే పని వాడికి అప్పగించారట. ఆ పని వాడికి అప్పగించినవాళ్లెవరో గానీ, వాళ్లకు నా తమ్ముడు తెలియదు.

"పెద్దాయన రాలేదే" అన్నాడు మా వాడు.

"రాకపోయినా వేళకు సుత్తి పడాల్సిందే. అది నియమం" అన్నాడు తాతగారు. "ఇక కత్తి తీసి పట్టుకో బాబూ. మామూలు రోజుల్లో ఒరలో ఉన్నా ఫరవాలేదు, స్వీకారం రోజు మాత్రం దూసి, నిటారుగా పట్టుకోవాలి. పెద్దాయన రాగానే కత్తి చేతిలోకి తీసుకుని అంచు చూస్తాడు."

నా చేతిలో కప్పు సింకులో పడింది.

మా వాడు పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. వాడి నడుం బెల్టు పైకొచ్చింది గానీ కత్తి రాలేదు. తాతగారు ఒర పట్టుకున్నాడు, మా వాడు పిడి పట్టుకున్నాడు. తాతగారి మోకాళ్లు టకటకమన్నాయి. కోడలు పరిగెత్తుకెళ్లి తాతగారిని వెనక నుంచి పట్టుకుంది. ముగ్గురూ కలిసి వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లారు గానీ, కత్తీ ఒరా మాత్రం కొత్తగా పెళ్లయినవాళ్లలా విడిపోలేదు.

"తుప్పు పట్టిందా?" అన్నాడు తాతగారు ఆయాసంతో.

"మొన్ననే తుడిచానండీ!"

నేను వంటగది గుమ్మంలోకి వచ్చాను. "నాన్నా" అన్నాను. ఇంకేమీ చెప్పకుండానే వాడు నా మొహం చూశాడు. కన్నకొడుకు కదా, తెలిసిపోతుంది.

"ఏం పోశావమ్మా?"

"జిగురు. కొంచెమే."

కొంచెమే అన్నది అబద్ధం.

వాడు కోప్పడితే బాగుండేది. కళ్లు మూసుకుని తెరిచి, "వంటగదిలోకి వెళ్లమ్మా. ఇప్పుడు టైము లేదు" అన్నాడు. తాతగారు వాడి భుజం తట్టి, ఒరతోనే నిటారుగా పట్టుకోమని చెప్పి, లోపలికి వెళ్లాడు. సుత్తి పడింది. తలుపు మూతపడింది.

అప్పుడు మెట్ల మీద నా తమ్ముడి గొంతు వినిపించింది. "ఇదిగో, ఇటు రండి, వచ్చేశాం, అస్సలు ఆలస్యం కాలేదు!" వాడి వెనకే తెల్ల గడ్డం, మెడలో బంగారు జరీ అంచు పట్టీ, చేతికర్రతో భారీ మనిషి ఒకాయన ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చాడు. పెద్దాయన!

"తియ్యరా అల్లుడూ! ఎవరొచ్చారో చూశావా?"

మా వాడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల తంతు జరుగుతోంది మావయ్యా. బెంచీ మీద కూర్చోండి."

"నేను కూర్చుంటానురా, నా ఖర్మ. ఈయన్ని కూడా కూర్చోబెడతావా? అన్ని మండళ్లకూ పెద్ద!"

"నేనెవరో నీకు తెలుసా బాబూ?" అన్నాడు పెద్దాయన. కోపమో కాదో తెలియని గొంతు.

"తెలుసండీ" అన్నాడు మా వాడు. "తంతు అయ్యాక నేనే తట్టి మీరొచ్చారని చెబుతాను. అప్పటిదాకా బెంచీ అటుందండీ."

"రేపు ఈ ఊళ్లో తలెత్తుకు తిరగగలనంటావా నేను?" తమ్ముడు చెయ్యి తలుపు మీద పెట్టాడు. "జరుగు! మేనమామను చెబుతున్నా!"

ఇక నేను ఆగలేకపోయాను. ఎటుచూసినా నా కొడుకుకే చేటు. తలుపు తీస్తే డాక్టరు పట్టీ విప్పుతాడు, తీయకపోతే ఈయన విప్పుతాడు. ఈయన పెద్దవాడు కాబట్టి ఈయనతోనే మంచిగా ఉండటం మేలనిపించింది. తడిచేతులతోనే పరిగెత్తుకెళ్లి వాడి చొక్కా పట్టుకున్నాను.

"ఒక్కసారికి తీసెయ్యి నాన్నా. ముసలాయన, మెట్లెక్కి వచ్చాడు, ఆయనకేమైనా అయితే? అమ్మ చెబుతోంది. తీసెయ్యి."

వాడు నన్ను చూశాడు. ఈ పిల్లాడు నా మాట ఎన్నడూ కాదన్నవాడు కాదు. నేను వద్దంటే ఈత మానేశాడు, నేను భయపడతానని మోటారుసైకిలు కొనలేదు. ఇప్పుడూ చెయ్యి తలుపు వైపు పోతుందనే అనుకున్నాను.

"కాదమ్మా" అన్నాడు.

అంతే. దయచేసి అనలేదు, క్షమించు అనలేదు. వంటగది గుమ్మంలో కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది.

నేను వెళ్లి బెంచీ మీద కూలబడ్డాను. చూస్తే పక్కనే పెద్దాయన కూడా కూర్చున్నాడు, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. నా తమ్ముడు మా ఇద్దరి పక్కనా చోటు లేక గోడకానుకున్నాడు.

ఆయన ఊపిరి బుసబుసమంటోంది. నాకు భయమేసింది.

"అన్నయ్యగారూ, మీకు బీపీ ఉందా?" అన్నాను.

"ఉంది చెల్లెమ్మా."

"మాత్ర వేసుకున్నారా?"

"కారులో మీ తమ్ముడు టైర్ల గురించి చెబుతుంటే మరిచిపోయాను."

నేను నీళ్లు తెచ్చిచ్చాను, మాత్ర మింగించాను. గాలి కొడుతోందని నా శాలువా ఆయన మోకాళ్ల మీద కప్పాను. ఆయన వద్దనలేదు. గొంతు తడుపుకున్నాక, "ఏదీ బాబూ, కత్తి చూపించు" అంటూ చెయ్యి చాచాడు.

మా వాడు ఒరతో సహా అందించాడు. ఆయన లాగాడు. మళ్లీ లాగాడు. కర్ర పక్కన పెట్టి, కాలు బెంచీకి తన్నిపెట్టి లాగాడు.

"ఏమిటిది? ఎవరి పని?"

"కత్తి నా దగ్గరుందండీ, బాధ్యత నాదే" అన్నాడు మా వాడు.

"కాదు, నేనే!" అన్నాను. ఇక నోరు ఆగలేదు. చాకు, కర్టెన్, జారే నేల, జైలు, టిఫిను డబ్బా, చెప్పులు కుట్టే అతను, అంతా చెప్పేశాను. "మీరు తీయాల్సిన పట్టీ ఉంటే నా మెడలో వేసి తీయండి అన్నయ్యగారూ. వాడి జోలికి పోకండి" అన్నాను.

పెద్దాయన గడ్డం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో, గుండెపోటేమోనని నేను సంచీలోని మందుసీసా కోసం లేచాను. ఆయన నవ్వుతున్నాడు, చప్పుడు కాకుండా, లోపల తంతు జరుగుతోంది కాబట్టి నోటికి పట్టీ అడ్డంపెట్టుకుని.

"మా అమ్మ నా సైకిలు గొలుసు పిండి డబ్బాలో దాచేది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆవిడకు జిగురు సంగతి తెలియదు పాపం."

లోపల సుత్తి చప్పుడైంది. తంతు పూర్తయింది. మా వాడు చొక్కా సర్దుకుని, తలుపు తట్టి, పెద్దాయన పేరూ, పదవీ, ఆ తర్వాత ఆలస్యంగా వచ్చిన నా తమ్ముడి పేరూ గట్టిగా చెప్పాడు. తలుపు తెరుచుకుంది, మింగింది, మూతపడింది. కొంచెం సేపటికి లోపల పెద్ద నవ్వు. ఎందుకో మాకు తెలియదు. మేం బయటివాళ్లం. మా వాడు కూడా బయటివాడే.

చిట్టచివర కాపలాదారు స్వీకారం. తాతగారు వచ్చి తలుపు దగ్గర నిలబడి వాణ్ణి లోపలికి పంపాడు. అప్పుడు నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. పట్టీ ముడి విప్పుతున్నారనీ, వాడు తల దించుకున్నాడనీ, వాణ్ణి ఇక ఎవరూ సోదరా అని పిలవరనీ అనుకుంటూ కడిగిన కప్పులే మళ్లీ కడిగాను. తలుపు తెరుచుకుంది. ముందు నేను వాడి మొహం చూడలేదు, మెడ చూశాను.

నీలం పట్టీ ఉంది.

"ఏమన్నారురా? ఎందుకు నవ్వారు? పెద్దాయన ఏమన్నాడు?"

"చెప్పకూడదమ్మా."

"నాక్కూడానా?"

"నీక్కూడా. ఒక్కటి మాత్రం నీకు చెప్పమన్నారు. వచ్చే సభకల్లా కత్తి ఊడిరావాలట. ఆ బాధ్యత నీదట."

సభ అయ్యాక నా తమ్ముడు మొహం మాడ్చుకుని టీ తీసుకున్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు లోపల నిలబడి తప్పయిందని చెప్పాల్సి వచ్చిందట.

"మేనమామను గోడకు నిలబెట్టావు కదరా" అన్నాడు.

"వచ్చే నెల బెంచీ ఖాళీగానే ఉంటుంది మావయ్యా" అన్నాడు మా వాడు టీ ఊదుకుంటూ. "లేదంటే వేళకు రండి."

మర్నాడు పొద్దున వాడు తాబేలును రెండు చేతులతో ఎత్తుకుని పక్కింటికి వెళ్లాడు. నేనూ కోడలూ గోడకు చెవులు పెట్టాం. "ఇంకొక్క వారం..." అని పక్కింటావిడ గొంతు. తర్వాత మా వాడిది, నెమ్మదిగా, "కాదండీ." వాళ్లు దానికి వేళకు తిండి పెడతారో లేదో. నేను రోజూ ఆకులు పట్టుకెళ్లి చూసొస్తున్నాను.

తొట్టె ఖాళీ అయింది. ఇప్పుడు దానిలో కత్తి నానుతోంది. మా వాడు దుకాణం నుంచి రాగానే స్నానాలగది గుమ్మంలో నిలబడి, "ఊడిందా అమ్మా?" అని అడుగుతున్నాడు.

"ఇంకా లేదు నాన్నా. రోజూ నీళ్లు మారుస్తూనే ఉన్నాను" అంటున్నాను.

మారుస్తూనే ఉన్నాను. మరిగే నీళ్లు పోయమన్నాడు చెప్పులు కుట్టే అతను. నేను చన్నీళ్లు పోస్తున్నాను.